నలభై మంది తొక్కిన చేను

కంట్రోల్ రూమ్‌లో శ్రీరమ్యకు అది ఏడో ఏడు. ఆపదలో ఉన్నవాళ్ళ ఫోన్లు ఎత్తడం, ఏ స్టేషన్‌కు చెప్పాలో, ఏ బండిని కదిలించాలో తేల్చడం ఆమె పని. వాసన పట్టి మనుషుల్ని వెతికే పోలీసు కుక్క వాళ్ళ దగ్గర ఒక్కటే ఉంది. దాని పేరు స్టెల్లా. దాన్ని ఎక్కడికి పంపాలన్నా సీఐ ఒప్పుకోవాలి గానీ, శ్రీరమ్య మాట మీదే ఆయన ఒప్పుకునేవాడు. ఆమె అంచనా తప్పదని ఆయన నమ్మకం. ఆమెకూ అదే నమ్మకం.

ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక పొదిలి అవతలి పల్లె నుంచి ఫోన్ వచ్చింది.

“మేడంగారూ, మా చెల్లి కనపడటంలేదండి. మిరపకాయలు కోస్తా కోస్తా, పది గంటలప్పుడు చాటుకెళ్ళొస్తానని సైగ చేసి పోయిందండి. ఇంకా రాలేదు.”

మాట్లాడేది ఫెబా అనే కూలి మనిషి. చెల్లెలి పేరు స్తుతి. పంతొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. తల్లి పోయాక ఫెబాయే పెంచింది.

శ్రీరమ్య ఎప్పుడూ అడిగేవే అడిగింది. ఎవరితోనైనా గొడవ పడిందా? ఎవరిమీదైనా అనుమానమా? రెండిటికీ లేదనే చెప్పింది ఫెబా.

“చేలో ఎంతమంది ఉన్నారు?”

“నలభై మందిమండి. అందరం పని ఆపేసి గట్లెంట తిరుగుతా కేకలేస్తన్నాం.”

“కేకలేస్తే ఆ అమ్మాయికి వినపడదు కదమ్మా.”

“తెలుసండి. అయినా నోరు ఊరుకోదు గదండీ.”

శ్రీరమ్య అంతా కాగితం మీద రాసుకుంది. నలభై మంది తొక్కిన చేలో ఒక్క మనిషి వాసన నిలవదని శిక్షణలో చెప్పారు. పైగా పక్కనే కల్లంలో మిరపకాయలు ఆరబోశారట. ఆ ఘాటుకు కుక్క ముక్కు పనిచేయదని కూడా చెప్పారు. అదీగాక, అరగంట ముందే టంగుటూరులో ఒక నగల దుకాణం తాళాలు పగలగొట్టారని కబురొచ్చింది. యజమాని లోపలికి ఎవర్నీ అడుగు పెట్టనివ్వలేదు. కుక్కను దింపడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు.

“పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఎవరితోనో వెళ్ళి ఉంటుందిలే,” అన్నాడు సీఐ.

శ్రీరమ్య పెన్ను మూత పెట్టింది. “స్టెల్లాను టంగుటూరు పంపుదాం సార్. చేనుకు పొదిలి బండి చాలు,” అంది.

రెండు గంటలకు ఫెబా మళ్ళీ చేసింది. “పోలీసు కుక్క వస్తే దొరుకుద్దని ఇక్కడంతా అంటన్నారండి.”

“కుక్క వేరే పని మీద ఉందమ్మా. మావాళ్ళు వెతుకుతున్నారు కదా.”

ఫోన్ పెట్టేశాక శ్రీరమ్య చూపు ముందున్న కాగితం మీద పడింది. చెవుడు, మాట రాదు. తన చేతిరాతే. పిలిస్తే పలకలేని మనిషిని నలభై మంది పిలుస్తూ తిరుగుతున్నారు. ఆ పిల్ల ఎక్కడైనా కనపడకుండా పడి ఉంటే? సీఐ భోజనం చేసి వచ్చేదాకా ఆగలేక, కుక్కను నడిపించే సుభానీకి తనే ఫోన్ చేసింది.

“ఇక్కడ పని సగంలో ఉంది మేడం.”

“వదిలెయ్ సుభానీ. పొదిలికి పోనియ్. నేను చెప్పుకుంటాను.”

అతను చేరేసరికి నాలుగు దాటింది. స్తుతి అన్నం క్యారేజీకి చుట్టుకొచ్చిన తువ్వాలు ఫెబా తెచ్చిచ్చింది. స్టెల్లా దాన్ని వాసన చూసి, నలభై మంది తొక్కిన సాళ్ళు దాటి, మిరప కల్లం పక్కనుంచే ఆగకుండా వెళ్ళి, పత్తిచేను చివర సర్కారుతుమ్మ పొదల దగ్గర మొరిగింది. అంతా కలిపి పన్నెండు నిమిషాలు. పొదల వెనక, ముళ్ళకంప కమ్మేసిన పాడుబావి. నీళ్ళు లేవు. అడుగున రాళ్ళ మీద స్తుతి.

“ఊపిరుంది మేడం,” అన్నాడు సుభానీ ఫోన్‌లో. “ఈ పక్కనుంచే మూడుసార్లు పోయారంట, పిలుచుకుంటా.”

అంబులెన్సు పొదిలి చేరకముందే ఆ ఊపిరి ఆగిపోయింది. లోపల రక్తస్రావమైంది, రెండు గంటలు ముందు తెచ్చినా బతికేదేమో అన్నాడు డాక్టరు.

“నియమాల ప్రకారమే చేశావు,” అన్నాడు సీఐ మర్నాడు. శ్రీరమ్య మాత్రం తన అంచనా తప్పిందనీ, కుక్కను ముందు చేనుకే పంపాల్సిందనీ రిపోర్టులో రాసి సంతకం పెట్టింది.

మూడో రోజు సెలవు పెట్టి ఆ పల్లెకు బస్సెక్కింది. ఫెబా ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు ఇంకా తీయలేదు. “నేను కంట్రోల్ రూమ్ నుంచి వచ్చానమ్మా,” అనగానే ఫెబా ఆమె గొంతు గుర్తుపట్టింది.

“ఆ ప్రశ్నలన్నీ అడిగింది మీరేనా?”

“నేనే.”

ఫెబా ఒక కుర్చీ ముందుకు జరిపింది. తర్వాత మెల్లగా అడిగింది. “జనం తొక్కిన చోట కుక్కకు వాసన అందదని పోలీసాయన అన్నాడండి. నలభై మందిమి అని చెప్పాను గదండీ. నలుగురమే అనుంటే కుక్కను పంపేవారా?”

అబద్ధం చెప్పే దారి ఉంది. శ్రీరమ్య నాలుక దానికి తిరగలేదు. “పంపేదాన్నేమో,” అంది.

“అయితే నేనే...”

“కాదమ్మా!” శ్రీరమ్య నేలమీద కూలబడి ఆమె చేతులు పట్టుకుంది. “మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. తప్పు నాది. మీది కాదు. జన్మలో ఎప్పుడూ అలా అనుకోవద్దు.”

ఫెబా చేతులు వెనక్కి తీసుకోలేదు. క్షమించాననీ అనలేదు. వాకిట్లో ఎండ పూర్తిగా వాలిపోయేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

“మా చెల్లి నన్ను ఎట్టా పిలిచేదో తెలుసా అండీ?” అంది ఫెబా ఉన్నట్టుండి. చేయి విడిపించుకుని, చూపుడువేలితో తన గడ్డం మీది పుట్టుమచ్చను రెండుసార్లు తట్టింది.

“ఇట్టా. అక్కా అని.”

మళ్ళీ తట్టింది. ఈసారి వేలు అక్కడే ఉండిపోయింది.