మల్లెపూల కట్టు

కొత్త రాష్ట్రం ఏర్పడి ఏడాది తిరగకముందే ప్రొద్దుటూరికి ఫ్లూ జ్వరం వచ్చింది. ఓడ దిగి మద్రాసుకొచ్చిందనీ, అక్కడినుంచి రైల్లో ఎర్రగుంట్లకూ, బస్సులో ఊళ్లోకీ వచ్చిందనీ బట్టల కొట్ల దగ్గర చెప్పుకున్నారు. ఎట్లా వస్తేనేం, దూదేకులవాళ్ల వీధిని మాత్రం మరిచిపోలేదు. తెల్లారితే దూది ఏకే విళ్ల మోతతో చెవులు హోరెత్తే ఆ వీధిలో దగ్గులు తప్ప ఇంకేమీ వినిపించని రోజులొచ్చాయి.

వలి బాషా ఇంట్లో మొదట పడకేసింది అతని భార్య పీరాంబీ. ఆమె చంటివాడు దస్తగిరి అప్పుడప్పుడే బోర్లా పడుతున్నాడు. పులివెందుల నుంచి కోడలిగా వచ్చిన చాలా ఏళ్లకు, అత్త ఖమర్‌బీ చేత గొడ్రాలనే మాట కడుపునిండా తిన్నాక పుట్టిన పిల్లవాడు. వాణ్ణి పక్కలోంచి దించి ఎరగదామె. జ్వరంతో కళ్లు తెరవలేకపోతున్నా చెయ్యి మాత్రం వాడి వీపు మీదే ఉండేది.

సరిగ్గా అప్పుడే జమ్మలమడుగు నుంచి ఆడబిడ్డ అజ్మత్ బీ వచ్చింది. అదే జ్వరంలో ఆమె చంటిపిల్లాడు హుమాయున్ పోయాడు. వాణ్ణి మట్టి చేసిన చేతులతోనే మొగుడు అల్లాబక్ష్ ఆమెను తెచ్చి తల్లి గడపలో దించి, మళ్లీ బస్సు దొరకదని వెళ్లిపోయాడు. అజ్మత్ ఏడవలేదు. పాత చీరముక్కను మడిచి ఒళ్లో పెట్టుకుని, దాన్నే ఊపుతూ గోడకానుకుని కూర్చుంది. రొమ్ములకు మల్లెపూలు పరిచి గుడ్డతో బిగించి కట్టి ఉన్నాయి. బిడ్డ పోయిన బాలింతకు పాలు ఎండిపోవాలని కట్టే పూలవి. పెళ్లిలో తలలో పెట్టుకునే పూలకూ వాటికీ వాసనలో తేడా ఉండదు. ఉంటే బాగుండేది.

ఖమర్‌బీ ఒళ్లో గుడ్డముక్క ఉన్న కూతుర్నీ, పక్కలో బిడ్డ ఉన్న కోడల్నీ మార్చి మార్చి చూసింది. ఆలోచన తట్టడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు.

"పీరా, ఈ జ్వరంలో నీ పాలు బిడ్డకు విషమే. జమ్మలమడుగులో ఏమైందో చూసినాం గదా. అజ్మత్‌కు పాలు పొంగిపోతాండాయి. నీకు దిగేదాంక దాన్ని తాపనీ."

పీరాంబీకి భయమేసింది. రెండోసారి చెప్పించుకోకుండా తానే పిల్లాణ్ణి ఎత్తి ఆడబిడ్డ ఒళ్లో పెట్టింది.

"నీ కొడుకే అనుకో వదినా" అంది.

ఆ వీధిలో ఎవరి బిడ్డనెవరు ఎత్తుకున్నా ఆ మాటే అంటారు. అన్నం తిన్నావా అని అడిగినంత తేలిగ్గా అంటారు, అన్న మరుక్షణం మరిచిపోతారు. ఆ రోజు మాత్రం అత్త వింది, మొగుడు విన్నాడు, గుమ్మంలో నిలబడ్డ ఇరుగుపొరుగు ఆడవాళ్లు విన్నారు.

ఖమర్‌బీ కూతురి కట్టు విప్పింది. పూలు ఇంకా వాడలేదు. వాటిని పారెయ్యబుద్ధి కాలేదు కాబోలు, అదే గుడ్డలో అవే పూలు పరిచి కోడలికి కట్టడం మొదలుపెట్టింది.

"నాకెందుకత్తా? జ్వరం తగ్గినాక నేనే పాలియ్యాల గదా."

"పాలు నిలిచిపోతే గడ్డలు కట్టి ఇంకా కాస్తాది. తగ్గినాక మెంతులు తింటే మళ్లీ పడతాయిలే."

పీరాంబీ నమ్మింది. జ్వరం మగతలో ఆమెకు గుర్తున్నది రెండే. ముక్కుపుటాలు బద్దలయ్యేంత మల్లెల వాసన ఒకటి, పక్కనెక్కడో తన కొడుకు గుటకలు వేస్తున్న చప్పుడు ఇంకొకటి.

జ్వరం దిగింది. పాలు కూడా ఎండిపోయాయి. లేచి నడవగలిగిన రోజున పీరాంబీ మొహం కడుక్కుని, జడ వేసుకుని, చుట్టాలింటికి పోయినదానిలా వినయంగా వెళ్లి ఆడబిడ్డ ముందు చేతులు చాచింది. అజ్మత్ ఇవ్వలేదు. పిల్లాణ్ణి గుండెకు అదుముకుని అటు తిరిగి కూర్చుంది.

"హుమాయున్ నిద్రపోతాండాడు. లేపొద్దు" అంది.

పీరాంబీ అత్త వైపు చూసింది. ఖమర్‌బీ ఆమె రెక్క పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది.

"ఇంకొన్నాళ్లు ఓర్చుకో. ఇప్పుడు లాక్కుంటే దాని మతి పోతాది. నువ్వు గట్టిదానివి, తట్టుకుంటావు."

ఆ ఇంట్లో పీరాంబీకి దొరికిన మొదటి మెచ్చుకోలు అదే. దానికి ఆమె చెల్లించాల్సిన ధర ఏమిటో ముందుముందు తెలిసింది. ఆడబిడ్డకు పాలు బాగా పడాలని వెల్లుల్లి ఒలిచి కారం నూరింది ఆమే. సజ్జ రొట్టెలు చేసి, మెంతులు ఉడకబెట్టి, పళ్లెంలో పెట్టి అందించింది ఆమే. తన కొడుకును తనకు కాకుండా చేస్తున్న పాలను తన చేతులతోనే పెంచింది. తాను కూడా గుప్పెళ్లకొద్దీ మెంతులు నమిలింది గానీ చుక్క పడలేదు.

మొగుడితో చెప్పుకుంది. వలి బాషా మంచివాడని వీధిలో పేరు. ఎవరికీ ఎదురు చెప్పనివాళ్లకు వచ్చే పేరది. జ్వరాలు తగ్గి పరుపుల పని మళ్లీ మొదలైంది. అతను విల్లు చేతిలోకి తీసుకుని దూది ఏకుతూనే భార్య మాట విన్నాడు. ఆ మోతలో ఎంత వినిపించిందో అతనికే తెలియాలి.

"యాడికి పోతాడు? నా అక్క దగ్గరే గదా ఉండేది" అన్నాడు.

కొన్నాళ్లకు అల్లాబక్ష్ వచ్చి భార్యను బయల్దేరదీశాడు. పిల్లాడు కూడా బస్సెక్కాడు. పాలు మాన్పించేదాకా అన్నారు. పీరాంబీ బస్సు కిటికీ కమ్మీ పట్టుకుని పక్కన నడిచింది, తర్వాత పరిగెత్తింది. ఎవరో నవ్వారు.

ఆ తర్వాత ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. ఏకిన దూది కుప్పలో చేతులు దోపి వెతికేది. ఏం వెతుకుతాండావు అంటే ఏం లేదనేది. ఊళ్లో జ్వరం గురించి అందరూ మరిచిపోయారు. పోయినవాళ్లు పోయారు, బతికినవాళ్లు బాగున్నారని లెక్క. బతికి బాగులేనివాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా జమ్మలమడుగు బస్సెక్కింది. అజ్మత్ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పిల్లాడు వసారాలో పాకుతున్నాడు. పీరాంబీ వాణ్ణి ఎత్తుకుని గదిలోకి పోయి గడియ వేసింది. వట్టి రొమ్ము వాడి నోటికందించింది. వాడు కొత్త మనిషిని చూసి గుక్కపట్టి ఏడ్చాడు, తల తిప్పుకున్నాడు, గోళ్లతో రక్కాడు. ఆమె వదల్లేదు. ఒక్క చుక్క పడితే వాడికి తానెవరో తెలిసిపోతుందని ఆమె నమ్మకం. పడలేదు. తలుపు విరగ్గొట్టి లోపలికొచ్చినవాళ్లకు కనిపించింది జుట్టు విరబోసుకుని, రవిక విప్పుకుని, పిల్లాణ్ణి రొమ్ముకేసి అదుముతున్న ఆడది. వాడు చేతులు చాచి అజ్మత్ మీదికి దూకాడు.

పీరాంబీ బిడ్డను చంపబోయిందన్న వార్త ఆమె కంటే ముందు ప్రొద్దుటూరు చేరింది.

ఖమర్‌బీ మళ్లీ పెరట్లోకి పిలవలేదు. నలుగురిలోనే చెప్పింది.

"ఆ పొద్దు నీ కొడుకే అనుకో అని ఇచ్చింది ఇదే. అందరూ వింటిరి గదా. పాలు తాపినామె తల్లి కాకుండా పోతాదా? ఇప్పుడు చూస్తే దీనికి పిచ్చి. పిచ్చిదాని చేతికి బిడ్డనెట్ల ఇస్తాం?"

ఇదీ వాళ్ల న్యాయం. పీరాంబీకి మతి ఉన్నన్నాళ్లూ, మతి పోబోయే మనిషికే బిడ్డ కావాలన్నారు. పీరాంబీకి మతి పోయాక, మతి లేనిదానికి బిడ్డెందుకన్నారు. ఏ వైపు నుంచి చూసినా ఆ తూకం ఆమె మీదే మొగ్గింది. వలి బాషా తల వంచుకుని విల్లు తీగ సవరించుకున్నాడు.

పులివెందుల అవతల ఒక దర్గా ఉండేది. పిచ్చి పట్టినవాళ్లను అక్కడ స్తంభాలకు గొలుసుతో కట్టి ఉంచేవాళ్లు. పీరాంబీని కన్నతల్లి షాహీదాబీయే వెంట తీసుకుపోయింది. దర్గాను చూసుకునే ముజావరు ముసలివాడు, చెడ్డవాడేమీ కాదు. ఖమర్‌బీ చెప్పిపంపిన మాట అతను నిజమనుకున్నాడు. కోడలికి బిడ్డల్లేరు, ఆడబిడ్డ కొడుకును చూసి తన కొడుకనుకుంటోంది, అదే దీని పిచ్చి అని చెప్పిపంపిందామె. షాహీదాబీ కాదన్నా, కూతురి మీద ప్రేమతో అంటోందనుకున్నాడు. ప్రతి బేస్తవారం అతను ఊదు పొగ వేసి, నుదుట విభూది పెట్టి, మెత్తగా అడిగేవాడు.

"నీకు బిడ్డలెంతమంది తల్లీ?"

"ఒక్కడు. దస్తగిరి."

ముసలాయన బాధగా తల ఊపేవాడు. గొలుసు అట్లాగే ఉండేది. కాలి మడమ దగ్గర పుండు పడి, మానుతూ మళ్లీ పడుతూ ఉండేది. వానలు వచ్చి పోయాయి, చలి వచ్చి పోయింది, పీరాంబీ జవాబు మారలేదు.

చివరికి తల్లే ఆమె కాళ్ల దగ్గర కూర్చుని పుండుకు నూనె రాస్తూ చెప్పింది.

"అబద్ధమని నాకు తెల్దా అమ్మా? నా చేతుల్లోనే గదా వాడు పడింది. అయినా చెప్పు. బిడ్డల్లేరని చెప్తేనే నిన్ను ఇంటికి పంపిస్తారు. ఇంటికి పోతేనే వాణ్ణి చూస్తావు."

పీరాంబీ కాలు వెనక్కి లాక్కుంది. మరుసటి బేస్తవారం ముసలాయన అడిగినప్పుడు, "నాకు బిడ్డల్లేరు సామీ" అంది. ఆయన సంతోషంతో కళ్లు తుడుచుకుని తన చేతులతోనే గొలుసు విప్పాడు. జబ్బు నయమైందని వచ్చినవాళ్లందరికీ చక్కెర పంచారు.

ప్రొద్దుటూరులో ఆమె ముందులాగే వండింది, ఊడ్చింది, దూది ఎండేసింది. ఈలోగా జమ్మలమడుగులో అజ్మత్‌కు కూతురు పుట్టింది. ఆ కబురు విన్న రోజు పీరాంబీ మొహంలో వెలుగొచ్చింది. మొగుడికి అన్నం పెడుతూ మెల్లిగా అంది.

"వదినకు ఇంకో బిడ్డ పుట్టె గదా. ఆమె మతి కూడా బాగుండాది. ఇప్పుడడుగు."

వలి బాషా ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు.

"ఏమని అడిగేది? మళ్లీ మొదలాయ అంటారు. పులివెందుల దర్గాకు పోతావా?"

ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

పిల్లాడికి సున్తీ చేయించడానికి అజ్మత్ పుట్టింటికే తీసుకొచ్చింది. ఖమర్‌బీ కోడల్ని ముందే హెచ్చరించింది. వాకిట్లో ఆడవాళ్ల మధ్య కూర్చోవచ్చు, నోరు జారితే మాత్రం ఆ పొద్దే బండెక్కిస్తానంది. పీరాంబీ వాకిట్లో కూర్చుని, బాలింత అయిన ఆడబిడ్డ కోసం వెల్లుల్లి ఒలుస్తోంది. కొత్త చొక్కా, మెడలో పూలదండ వేసుకున్న పిల్లాడు ఆమె ముందుకొచ్చి ఆగాడు.

"అత్తా, నీళ్లు" అన్నాడు.

ఆమె లేచి నీళ్లు తెచ్చి ఇచ్చింది. వాడు గుటకలు వేస్తూ తాగుతుంటే ఆ చప్పుడు విన్నది. చెంబు చేతికిచ్చి వాడు పరిగెత్తాడు. ఒక ముసలామె, ఊరికే అడిగినట్టు, అందరికీ వినపడేలా అడిగింది.

"ఎవరి బిడ్డడే వాడు?"

"అజ్మత్ వదిన కొడుకు. హుమాయున్" అంది పీరాంబీ.

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని తృప్తిగా తలలూపారు.

కాసేపటికి లోపల్నుంచి కేక వినిపించింది. "అమ్మా" అని, ఇల్లు ఎగిరిపోయేంత కేక. అజ్మత్ చంటిపిల్లను పక్కవాళ్ల చేతిలో పెట్టి లోపలికి పరిగెత్తింది. పీరాంబీ కూడా లేచింది. పూర్తిగా కాదు, మోకాళ్లు సగం లేచాయి, ఒళ్లోని వెల్లుల్లి నేలంతా దొర్లింది. వాకిట్లో అన్ని కళ్లూ ఆమె మీద నిలిచాయి. లోపల వాడు మళ్లీ అమ్మా అన్నాడు.

పీరాంబీ కూర్చుంది. దొర్లిన వెల్లుల్లి రెబ్బల్ని ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకుంది.

"చూసినారా" అంది ఖమర్‌బీ. "మీరంతా అనుమానపడితిరి. శానా బాగైపాయ మా పీరాకు." ఆమె గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. పళ్లెంలో మిగిలిన మల్లెమూర తీసి కోడలి జడలో తురిమింది. "పెట్టుకో, ఈ పొద్దు పండగ."

ఆ వాసన తగలగానే పీరాంబీ చెయ్యి దానంతటదే రొమ్ము మీదికి పోయింది. అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి, కొంగు సర్దుకున్నట్టు చేసి కిందికి దించింది. లోపల అజ్మత్ "ఈడనే ఉండా నాయనా, ఏడవగాకు" అంటోంది. వాడు ఏడుపు మానేశాడు.