గిన్నె ముట్టని దీవెనమ్మ

నెలలో మొదటి ఆదివారం సింహాద్రిపురం దగ్గరి ఆ పల్లె చర్చిలో ప్రభు భోజనం జరుగుతుంది. అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షారసం తాగుతారు. ఆ గిన్నె బల్ల మీదికి రాగానే, వెనక చాప మీద కూర్చున్న దీవెనమ్మ చెంగు సర్దుకుని బయటికి నడుస్తుంది. ఎనిమిదేళ్లుగా ఇదే వరస.

మనసులో పగ ఉన్నవాళ్లు ఆ గిన్నె ముట్టరాదని అక్కడి కట్టుబాటు. దాంతో ఊరు తనకు తోచినట్లు అనుకుంది. ఆమె భర్త ఆనందయ్యను ఎన్నికల గొడవల్లో పొడిచి చంపింది అవతలి పార్టీ సుబ్బరాయుడి మనుషులు. ఆమె అది మరిచిపోలేదన్నారు. ఆనందయ్య పార్టీవాళ్లు "ఆడదంటే అట్లుండాల" అని మీసం దువ్వారు. సుబ్బరాయుడి ఇంటివాళ్లు ఆమె ఎదురొస్తే సందు మార్చుకున్నారు. ఫ్యాక్షన్ చూసిన ఊళ్లో మౌనానికి పగ తప్ప ఇంకో అర్థం ఎవరికి తోస్తుంది?

అసలు సంగతి వేరు. కత్తిపోట్లతో ఆసుపత్రిలో పడివున్న ఆనందయ్యకు రక్తపరీక్ష చేసిన డాక్టరు, అతనికి హెచ్ఐవీ ఉందనీ, ఆమె కూడా పరీక్ష చేయించుకోవాలనీ దీవెనమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. కేసులకు భయపడి ఊరు విడిచి లారీల మీద తిరిగిన రోజుల్లో అంటుకుందో ఏమో. అడుగుదామంటే తెల్లారేసరికి మనిషే లేడు.

పులివెందులలో పరీక్ష ఉచితమే. కానీ ఎవరు ఎవరింట టీ తాగారో కూడా కనిపెట్టి చూసే ఊరది. ఆ పరీక్ష గది ముందు నిలబడితే కబురు బస్సుకన్నా ముందే ఊరు చేరుతుంది. ఆమె పోలేదు. జబ్బు తనకూ ఉందని తానే తీర్పు చెప్పుకుని శిక్ష కూడా తానే వేసుకుంది. జమ్మలమడుగులో కూతురు ప్రసవిస్తే, బిడ్డను గడప దగ్గర నుంచే చూసి వచ్చేసింది. కూతురు అలిగి ఫోన్ చేయడం మానేసింది. దీవెనమ్మతో మాట్లాడే మనిషే లేకుండా పోయాడు.

ఒక మధ్యాహ్నం వేంపల్లె నుంచి నర్సు జైబున్నీసా జ్వరాల సర్వేకు వచ్చి తాగడానికి నీళ్లడిగింది.

"మా ఇంట్ల నీళ్లొద్దు సిస్టర్," అంది దీవెనమ్మ తల వంచుకుని.

నర్సుకు అనుమానం తగిలింది. మెల్లగా అడిగింది. ఎనిమిదేళ్ల మాట అప్పుడు బయటపడింది. నర్సు సంచిలోంచి హెచ్ఐవీ పరీక్ష కిట్టు ఉన్న చిన్న డబ్బా తీసింది.

"తలుపేసుకోని నువ్వే చేసుకోవచ్చు. వేలికి చిన్న పోటు, బొట్టు నెత్తురు. ఒక గీతొస్తే లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. నేను అరుగుమీదే ఉంటా."

కాసేపటికి తలుపు తెరుచుకుంది. "రెండు గీతలొచ్చినాయి సిస్టర్."

"ఇదే ఆఖరి మాట గాదు. ఆసుపత్రిలో మళ్లీ చూసి ఖాయం చేస్తారు. ఉంటే మాత్రలు ఊరికే ఇస్తారు. దినామూ మింగితే నీ ఆయుస్సు నీకుంటాది."

"నేను తాగిన గిన్నెలో ఇంకొకరు తాగితే?"

"గిన్నెతో రాదు. పక్కన కూచుంటే రాదు. బిడ్డను ఎత్తుకున్నా రాదమ్మా."

అప్పుడు ఏడ్చింది దీవెనమ్మ. రెండు గీతలకు రాని ఏడుపు, ఎత్తుకోని బిడ్డ కోసం వచ్చింది.

పులివెందులలో జబ్బు ఖాయమైంది. మాత్రలు మొదలయ్యాయి. ఆ తర్వాతి ప్రభు భోజనం నాడు ఆమె గిన్నె అందుకుంటే చర్చి అంతా గుడ్లప్పగించి చూసింది. బయట సుబ్బరాయుడి భార్య లీలమ్మ జంకుతూ దగ్గరికి వచ్చింది.

"దీవెనక్కా, మా మీద పగ పోయినట్లేనా?"

"పగ యాడిది లీలమ్మా! మా ఆయనకు హెచ్ఐవీ ఉండె. నాకూ ఉందేమోనని ఇన్నాళ్లూ భయంతో చచ్చినా. సిస్టరిచ్చిన కిట్టుతో ఇంట్లోనే చూసుకున్యా. ఉండాది. మాత్రలు మింగుతాండా."

లీలమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా ఆయన గూడా కేసులప్పుడు అట్లే లారీల్లో తిరిగినాడక్కా. ఆ కిట్టు నాకు గూడా దొరుకుతాదా?"

దీవెనమ్మ ఆమె చేయి గట్టిగా పట్టుకుంది.

"దొరుకుతాది. నా మాదిరి ఎనిమిదేండ్లు ఆగొద్దు. తెలుసుకుంటే జబ్బుకు మందుండాది లీలమ్మా, తెలుసుకోకుంటే భయానికి మందు ల్యా."