పెడచెవి ఏనుగు

మా తోడికోడలికి ఈమధ్య స్ఫూర్తి పట్టుకుంది. జ్వరమైతే మూడ్రోజుల్లో దిగును, ఇది దిగేది కాదు. నేను గుడ్డతో కుందేలు కుడితే వారం తిరక్కుండా వాళ్ళింట్లోనూ కుందేలు పుడుతుంది. నా ఎలుగుబంటికి చొక్కా తొడిగితే దాని ఎలుగుబంటికీ చలేస్తుంది. ఇదేం పనే అంటే, "మీ దగ్గర స్ఫూర్తి పొందాను అక్కా" అంటుంది కళ్ళు టపటపలాడిస్తూ. మా చిన్నప్పుడు ఈ పనికి వేరే పేరుండేది. ఆ పేరుతో పిలిచి చెవి మెలిపెట్టేవాళ్ళు కూడా.

మేం కింద వాటాలో, వాళ్ళు పై వాటాలో. నా కుట్టుమిషను చప్పుడు ఆగితే చాలు, మెట్ల మీద దాని చెప్పుల చప్పుడు మొదలవుతుంది. కుందేలు పోనీ, ఎలుగుబంటి పోనీ అనుకున్నాను. ఏనుగు జోలికి మాత్రం రాకుండా ఉండాల్సింది.

నా ఏనుగు గురించి చెప్పాలి. బూడిదరంగు నూగు గుడ్డ, లోపల దూది, కళ్ళకి పాత కోటు బొత్తాలు. ఎడమ చెవి అన్ని ఏనుగులకీ ఉన్నట్టే ఉంటుంది. కుడి చెవి మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది, ఎవరో వెనకనుంచి పిలుస్తుంటే వింటున్నట్టు. పిల్లలకి ఆ చెవంటే పిచ్చి, అదే పట్టుకుని ఇల్లంతా ఈడ్చుకు తిరుగుతారు. "ఎలా తట్టిందమ్మా నీకు?" అని అడిగిన ప్రతివాళ్ళకీ నా బుర్రలోంచి పుట్టిందనే చెప్పాను.

బుర్రా లేదు, బూడిదా లేదు. అది పొరపాటు. చెవికి కాగితం నమూనా ఒక్కటే ఉంటుంది. దాన్ని గుడ్డ మీద పెట్టి గీసి ఒక చెవి కోయాలి. రెండో చెవికి ఆ కాగితాన్నే బోర్లా తిప్పి గీయాలి. తిప్పకపోతే రెండూ ఎడమ చెవులే వస్తాయి. నాకలాగే వచ్చాయి. సంగతి తెలిసేసరికి ఆరు ఏనుగులు గడప దాటి వెళ్ళిపోయాయి, అందరూ ఆ చెవినే మెచ్చుకున్నారు. ఇంక తిప్పడం ఎందుకని ఊరుకున్నాను. ఆ కాగితం ఎక్కడిదంటారా? మా బీరువాలోది. ప్రస్తుతానికి అంతే తెలిస్తే చాలు మీకు.

ఇంతలో బజారు మూలనున్న బొమ్మల దుకాణాయన ఒక మాటన్నాడు. చేత్తో కుట్టిన బొమ్మ ఒక్కదాన్ని ఎంచుతాడట, వీధివైపు అద్దాల బీరువాలో ఏడాదంతా పెడతాడట. పక్కనే చీటీ మీద, కుట్టినవాళ్ళ పేరు. కాపురానికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. నేను ఫలానా వాళ్ళ కోడల్ని, ఫలానా ఆయన భార్యని, ఫలానా పిల్లాడి తల్లిని. నా పేరు మా కరెంటు బిల్లు మీద కూడా లేదు. ఆ చీటీ నాకు కావాలి. సిగ్గు విడిచి చెప్తున్నాను, తిండి కన్నా, నిద్ర కన్నా కావాలనిపించింది.

సరిగ్గా అప్పుడే తోడికోడలు దిగొచ్చింది. "పాపకి ఒంట్లో బాలేదు అక్కా, రెండ్రోజులు మీ ఏనుగునివ్వండి, ఆడుకుని ఇచ్చేస్తుంది" అంది. ఇచ్చాను. తిరిగొచ్చిన ఏనుగు పొట్ట తడిమితే కుట్టు గరుకుగా తగిలింది. నేను బూడిదరంగు దారంతో కుడతాను. ఇప్పుడు పొట్టకీ, చెవులకీ నల్లదారం. అంటే నా ఏనుగుని విప్పి, ముక్క ముక్కా కాగితం మీద పెట్టి గీసుకుని, మళ్ళీ కుట్టి పంపిందన్నమాట. పాపకి ఒంట్లో బాలేదట! ఏనుగుకే ఆపరేషన్ అయింది పాపం.

"పోనీలెద్దూ, ఇంట్లో మనిషేగా" అన్నాడు మా ఆయన. ఆయన తమ్ముడి భార్య మరి, ఇంకేమంటాడు.

ఆదివారం పొద్దున దుకాణం మేడమీద గదిలో బల్లలు వేశారు. ఈ చివర నా ఏనుగు, ఆ చివర దాని ఏనుగు. దానిది నీలంరంగు. అంతే తేడా. కుడి చెవి వెనక్కి తిరిగే ఉంది! పొరపాటుని కూడా వదల్లేదు మహాతల్లి, నూలుపోగు తేడా లేకుండా దింపింది.

దుకాణాయన ముందు దాని దగ్గరే ఆగాడు. "ఈ చెవేంటమ్మా ఇలా ఉంది?" అన్నాడు.

"ముందు చెవి రేపటి మాట వింటుందండీ, వెనక చెవి నిన్నటి మాట వింటుంది" అంది.

గదిలో చప్పట్లు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికెవడో. వాడు నయం, వాడికెవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నిన్నా లేదు, రేపూ లేదు!" అని లేచాను. "ఆ చెవి నా పొరపాటు! కాగితం తిప్పకుండా కోశాను! నమ్మకపోతే ఇదిగో చూడండి నా నమూనా!" సంచీలోంచి కాగితం లాగి ఆయన మొహం ముందు ఆడించాను. తప్పు నాదేనని నలుగురిలో ఇంత గట్టిగా అరిచి చెప్పిన మనిషిని మీరెప్పుడైనా చూశారా?

ఆయన కాగితం తీసుకున్నాడు. ఇటు చూశాడు. నిదానంగా తిప్పి అటు చూశాడు. కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు.

"రెండో చెవికి కాగితం తిప్పి గియ్యి, మొద్దూ. నా మాట పెడచెవిన పెట్టకు."

గదంతా గొల్లున నవ్వింది. వెనకవైపు రాసుందని నాకేం తెలుసు? ఎప్పుడైనా తిప్పితే కదా!

"ఎవరమ్మా ఇది రాసింది?" అన్నాడు.

"నేనే" అంది చివరి వరసలోంచి ఒక గొంతు.

మా పిన్ని. అమ్మ చెల్లెలు. నాకు సూదిలో దారం ఎక్కించడం నేర్పిందావిడే. చేతులు వణకడం మొదలయ్యాక నమూనాలన్నీ నాకిచ్చేసింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. ఈ రోజు సంగతి ఆవిడ చెవిన పడకుండా నేనెంత జాగ్రత్త పడ్డానో నాకే తెలుసు.

"నేనే తీసుకొచ్చాను అక్కా, పెద్దావిడ, చూసి సంతోషిస్తారని" అంది తోడికోడలు. ఆ తర్వాత తేనె పూసినట్టు, "అయితే మీరూ స్ఫూర్తి పొందారన్నమాట" అంది.

గురివింద గింజకి తన కింద నలుపు కనబడదంటారు. నాకు అద్దం పట్టి మరీ చూపించారు. సిగ్గుతో చచ్చాను. పిన్ని వైపు తలెత్తి చూడలేకపోయాను.

దుకాణాయన మర్యాదస్తుడు. "అయితే చీటీ మీద మీ పేరే రాస్తానమ్మా" అన్నాడు పిన్నితో.

"ఆ చెవితోనా?" అంది పిన్ని. "నా పేరొద్దు బాబూ, పరువు పోతుంది."

కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. నా ఏనుగు చెవి లాగి చూసింది. దాని ఏనుగు చెవీ లాగి చూసింది. ఇద్దరి మొహాలూ చూసింది.

"నేనూ గాల్లోంచి తేలేదే. మా వీధిలో వడ్రంగి తాత చెక్కతో ఏనుగు చేస్తే అది చూసి గీశాను. నెల్లాళ్ళు ఆయన గుమ్మంలో కూర్చుని చూశాను. ఎవరడిగినా ఆయన పేరే చెప్పాను, నా నోరేం పడిపోలేదు. మీకేం వచ్చింది రోగం? ఒకతి చూడకుండా కోసింది, ఇంకొకతి విప్పి చూసి కూడా అలాగే కోసింది."

"తప్పయిపోయింది పిన్నీ" అన్నాను. ఈసారి అరవలేదు. "మీ ఏనుగే. అందరికీ నాదని చెప్పుకున్నాను."

"తెలుసు. ఊరంతా చెప్పుకుంటుంటే నాకు చెవుల్లేవనుకున్నావా?" అని కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. "విప్పండి. ఇద్దరూ."

దుకాణాయన చీటీ పట్టుకుని నిలబడ్డాడు. "మరి పేరు..."

"ముందు చెవి. పేరు సంగతి తర్వాత."

అందరి ముందూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇద్దరం కుడి చెవులు విప్పాం. కొత్త గుడ్డ పరుచుకుని తోడికోడలు నావైపు చెయ్యి చాపింది.

"అక్కా, ఆ కాగితం ఇటివ్వండి."

ఇచ్చాను. తిప్పి మరీ ఇచ్చాను.