మొదటి పళ్ళెం

మందార కంచె సందులోంచి చంద్రౌతి టీచర్ పక్కింటి బెంచీల మీది తలలు లెక్కపెట్టింది. పదమూడు. నిన్న పన్నెండే. ఆ పదమూడో తల ఎవరిదో పోల్చుకోగానే ఆవిడ చేతిలోని మందార కొమ్మ పుటుక్కున విరిగింది.

పార్బతీ.

మూడేళ్ళు తన దగ్గర చదివిన పిల్ల. ఈ కోరెంటైన్ తీరం మొత్తంలో ఆరో తరగతి పరీక్ష రాసి రాజధానిలోని పెద్ద బడికి వెళ్ళగల పిల్ల ఎవరైనా ఉంటే అది పార్బతీయే. ఆ సంగతి ఊరి నీటిని సముద్రంలోకి వదిలే తూము, కోకర్, తలుపు ఎత్తే ముసలి రాంలాల్‌కి కూడా తెలుసు.

ఊళ్ళో అన్ని ఇళ్ళలాగే చంద్రౌతి ఇల్లూ స్తంభాల మీద నిలబడి ఉంటుంది. పైన కాపురం. కింద ఉయ్యాల, కోళ్ళు, సాయంత్రమైతే పాఠాలు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఇంటి కింద పాఠం చెప్పించుకోని కుటుంబం ఊళ్ళో లేదు. నిరుడు వేవ్‌నీ ఆడోనిస్ మంచాన పడ్డ తల్లిని చూసుకోవడానికి పట్నం బడిలో టీచరు పని వదిలి పక్కింట్లో దిగింది. మొదట ఇద్దరు పిల్లలు ఆ ఇంటి కిందకు వెళ్ళారు. తర్వాత ఐదుగురు. ఇప్పుడు చంద్రౌతి బెంచీల మీద మిగిలింది ఆరుగురు.

ఆ సాయంత్రమే పార్బతీ తల్లి సుమింత్రా గేటు దగ్గర కనిపించింది. తల వంచుకుని దాటిపోబోయింది.

"ఏమే సుమింత్రా, నా బెంచీలకి నల్లులు పట్టాయా?"

"అయ్యో, అట్లాంటిదేం లేదు మిస్. పిల్ల మాటలన్నీ గడగడా అప్పజెప్తుంది. వాక్యంలో పెట్టమంటేనే తికమక. నమూనా పరీక్షలో మార్కులన్నీ అక్కడే పోయాయి. పరీక్ష ఇంక మూడు వారాలే కదా అని..."

"మూడేళ్ళు నేను దున్ని నాటితే, మూడు వారాల్లో ఆవిడ కోసుకుంటుందన్న మాట."

సుమింత్రా ముఖం ఎర్రబడింది. "కోపం పెట్టుకోకండి మిస్," అని గొణిగి వెళ్ళిపోయింది.

చంద్రౌతికి కోపం కాదు. అంతకన్నా నీచమైనదేదో గుండెలో కూర్చుంది. పరీక్ష ముందురోజు పిల్ల ఎవరి ఇంటి కింద కూర్చుని చదివిందో, ఫలితం వచ్చాక మొదటి పళ్ళెం ఆ ఇంటికే వెళ్ళాలి. అది ఊరి కట్టు. పిల్లకి కొత్త గౌను తొడిగి, తల్లి అనాస పాకం నింపిన పైన్ టార్టులూ మిఠాయీ పేర్చిన పళ్ళెం పట్టుకుని, ఊరంతా చూస్తుండగా రోడ్డున నడిచి వస్తుంది. చంద్రౌతికి ఇప్పటికి పదకొండు పళ్ళేలు వచ్చాయి. రాజధాని బడి పళ్ళెం మాత్రం ఒక్కటీ రాలేదు. ఈ ఏడు వస్తుందని గాజు బీరువాలో దానికి చోటు కూడా ఖాళీ చేసిపెట్టుకుంది.

మర్నాడు తన ఆరుగురికీ మాటల పట్టిక రాసుకోమని చెప్పి, కోళ్ళకు గింజలు వేసే నెపంతో మళ్ళీ కంచె దగ్గర చేరింది.

పక్కింటి కింద రెండు స్తంభాల మధ్య బట్టలారేసే తాడు కట్టి ఉంది. దాని మీద అట్టముక్కలు క్లిప్పులతో వేలాడుతున్నాయి. ఫిష్, ఫిషర్‌మన్, ఫిషింగ్, ఫిషీ.

"అందరూ ఒక ఇంటివాళ్ళే," అంటోంది వేవ్‌నీ. "పోలికలు ఒకటే. కానీ పనులు వేరు. చేప పడవలోనే ఉంటుంది, జాలరీ పడవలోనే ఉంటాడు. ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారని ఇద్దర్నీ కుండలో వేస్తామా?"

పిల్లలు పడీ పడీ నవ్వారు.

"వాక్యంలో ఖాళీ కనిపిస్తే ముందేం అడగాలి? అక్కడ ఎవరు కావాలి, మనిషా, వస్తువా, పనా, గుణమా? అడిగాకే తాడు దగ్గరకు రండి. పార్బతీ, నువ్వు."

పార్బతీ లేచి బోర్డు మీది వాక్యం చదివింది, ఒక్క క్షణం ఆగింది, తిన్నగా వెళ్ళి సరైన అట్టముక్క తీసుకుంది. తన దగ్గర మూడేళ్ళలో ఆ పిల్ల అలా ఆగి ఆలోచించడం చంద్రౌతి చూడలేదు. ఆగితే బెత్తం పడేది.

వేవ్‌నీ అట్టలు మార్చింది. "ఇది ఇంకో కుటుంబం. ఎన్వీ అంటే కడుపులో మంట. ఎన్వియస్ అంటే ఆ మంట ఉన్న మనిషి. ఎన్వియబుల్ అంటే, ఎవర్ని చూసి ఆ మంట రేగిందో వాళ్ళు. ఉదాహరణ ఎవరు చెప్తారు?"

వెనక బెంచీలోంచి డెల్రాయ్ చెయ్యెత్తాడు. "మిస్, మీరు మూడోది. మందార కంచె వెనక కోళ్ళకి గింజలేస్తున్నావిడ రెండోది."

నవ్వులు ఇంటికప్పుదాకా లేచాయి. "నోరుముయ్ డెల్రాయ్, పెద్దవాళ్ళ గురించి అలా అనకూడదు," అంది వేవ్‌నీ. కానీ అనే ముందు పెదవి కొరుక్కుంది. నవ్వాపుకోడానికే. చంద్రౌతి అది చూసింది.

ఆ పెదవి కొరుక్కోవడం నాలుగు రోజులు ఆవిడ్ని అన్నం తిననివ్వలేదు.

ఐదో రోజు వాన పట్టింది. మే నెల వాన, మొదలైతే ఆగదు. పైగా సముద్రం పోటు మీద ఉంది. కోకర్ తలుపు ఎత్తితే ఊరి నీరు పోకపోగా సముద్రం లోపలికొస్తుంది. అందుకని రాంలాల్ తలుపు దించేసి ఇంట్లో కూర్చున్నాడు. రోడ్డు పక్క పెద్ద కాలవ అంచుల దాకా నిండింది.

వేవ్‌నీ ఇంటిది పల్లపు నేల. ఆవిడ దొడ్డి కాలవకీ పెద్ద కాలవకీ మధ్య గట్టి గ్రీన్‌హార్ట్ చెక్క పలక ఒకటి అడ్డు పెట్టి ఉంటుంది. ఆ పలక ఉన్నంతకాలం ఆ దొడ్డి పొడి. చంద్రౌతి ఇంటి కింద నేల మీద, చనిపోయిన భర్త పెర్స్రామ్ ఏనాడో మూరెడు ఎత్తు కాంక్రీటు పోయించాడు. అక్కడికి ఏ నీరూ రాదు.

మధ్యాహ్నం రెండింటికి ఊరంతా మెట్లెక్కి తలుపులు వేసుకుంది. చంద్రౌతి తలకు గోనెసంచి కప్పుకుని బయటికొచ్చింది. పలక గట్టిగా బిగుసుకుని ఉంది. రెండు చేతులా ఊపింది. మూడో ఊపుకి లేచి వచ్చింది. గోధుమ రంగు నీరు ఆవిడ కాళ్ళ మధ్య నుంచి పక్క దొడ్డిలోకి ఉరికింది.

తలెత్తేసరికి చిన్న వంతెన మీద పార్బతీ ఉంది. నెత్తిన అరటాకు, చంకలో పుస్తకాల సంచి. పాఠానికి రెండు గంటలు ముందే వచ్చింది.

పిల్ల పలక వైపు చూసింది. నీటి వైపు చూసింది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు ఎదురైతే పలకరించకుండా దాటిపోవడం పాపం.

"గుడాఫ్టర్నూన్, మిస్," అంది పార్బతీ.

"గుడాఫ్టర్నూన్," అంది చంద్రౌతి, చేతిలో పలకతో.

పిల్ల వెనుదిరిగి వెళ్ళిపోయింది.

చంద్రౌతి పలకను కోళ్ళగూటి వెనక దాచి, పైకెళ్ళి తడి బట్టలు మార్చుకుని, ఆ సాయంత్రమంతా సుమింత్రా కేకల కోసం ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. తెల్లారాక కిటికీలోంచి చూస్తే పక్కింటి కింద మోకాలి లోతు నీళ్ళు. బెంచీలు పడవల్లా తేలుతున్నాయి. పరీక్షకి ఇంక రెండు వారాలు. ఇంటి పైన ఉన్నది ఒకే గది, అందులో ముసలామె మంచం. పాఠాలు ఆగిపోతాయి. ఆగితే పార్బతీ వెనక్కి వస్తుంది.

తొమ్మిదింటికి మెట్ల కింద పిలుపు వినిపించింది.

"అక్కా, ఉన్నావా?"

వేవ్‌నీ. గౌను మోకాళ్ళ పైకి దోపుకుని, భుజాన తాడు చుట్ట, చేతిలో క్లిప్పుల బుట్ట. వెనక పార్బతీ, డెల్రాయ్, ఇంకా పదకొండు మంది, నెత్తిన బెంచీలతో.

"నా ఇల్లు మునిగింది అక్కా. నీది ఎత్తు. సగం చోటివ్వు, ఈ రెండు వారాలు."

రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు. కాదంటే ఏమంటారో చంద్రౌతికి తెలుసు.

"రండి," అంది. తన బెంచీలు ఒక పక్కకి లాగింది.

పద్నాలుగు రోజులు. ఒకవైపు ఆరుగురు, మరోవైపు పదమూడుగురు. చంద్రౌతి పిల్లలు పట్టిక వల్లిస్తూనే చెవులు అటు పెట్టేవాళ్ళు. ఐదో రోజున ఇద్దరు అడగకుండానే బెంచీ అటు జరిపారు. ఒకరోజు పాఠం అయ్యాక వేవ్‌నీ తాడు చుడుతూ, "నీ పిల్లలు అదృష్టవంతులు అక్కా. మాటలన్నీ నోటికొచ్చు. నా పని ఏది ఎక్కడ పెట్టాలో చూపించడమే. బుర్రలో సరుకు లేకపోతే నేనేం సర్దను?" అంది.

పొగడ్త కూడా మంట మీద నెయ్యి పోసినట్టే అయింది. చంద్రౌతి కోళ్ళగూటి వైపు చూడకుండా తిరగడం అలవాటు చేసుకుంది. పార్బతీ మాత్రం రోజూ వస్తూ, పోతూ, ఎప్పట్లాగే పలకరించేది. అంతకు మించి ఒక్క మాట లేదు.

పరీక్ష అయింది. నీళ్ళు పోయి బురద ఎండింది. జూలై మొదట్లో ఫలితాలు వచ్చాయి. పార్బతీకి రాజధాని బడి.

సుమింత్రా పళ్ళెంతో రోడ్డెక్కింది. పక్కన తెల్ల గౌనులో పార్బతీ. రెండు గేట్ల మధ్య తల్లి ఆగలేదు. తిన్నగా చంద్రౌతి గేటు తోసింది.

"పరీక్ష ముందురోజు పిల్ల కూర్చున్నది మీ ఇంటి కిందే కదా మిస్. కట్టు కట్టే. తీసుకోండి."

ఇరవై నాలుగేళ్ళు ఎదురుచూసిన పళ్ళెం చేతికొచ్చింది. రోడ్డు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. చంద్రౌతి పిల్ల ముఖంలోకి చూసింది.

"గుడాఫ్టర్నూన్, మిస్," అంది పార్బతీ. ఆ రోజు వానలో అన్నట్టే, అదే గొంతుతో.

 చంద్రౌతి పళ్ళేన్ని ఎడమచేతికి మార్చుకుని కోళ్ళగూటి వెనక్కి వెళ్ళింది. పలక భుజాన వేసుకుని, గేటు దాటి, అందరూ చూస్తుండగా రోడ్డు మీదికొచ్చింది.

"ఆ పలక ఆడోనిస్‌ది కదూ?" అన్నాడు రాంలాల్. చప్పట్లు ఆగిపోయాయి. సుమింత్రా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

వేవ్‌నీ తన ఇంటి కింద నిలబడి ఉంది. చంద్రౌతి పలకను స్తంభానికి ఆనించి, పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"ఇది నీది. అదీ నీదే."

"పలక సంగతి రెండో రోజే తెలుసు అక్కా. మా నాన్న పేరు చెక్కి ఉంది దాని మీద. నీ కోళ్ళు రోజూ ఆ పేరు మీదెక్కి కూర్చునేవి."

"తెలిసీ నా ఇంటికెందుకు వచ్చావు?"

"ఇంకెక్కడికి పోను? ముంచినవాళ్ళ ఇంట్లోనే కూర్చుంటే మళ్ళీ ముంచరు." వేవ్‌నీ ఈసారి నవ్వు ఆపుకోలేదు. ఒక టార్టు తీసి రెండుగా విరిచి, సగం ఇచ్చింది. "కూర్చో. రోడ్డు మీదివాళ్ళు ఎటూ రాత్రి దాకా నిన్నే నములుతారు. ముందు నువ్వు ఇది నమిలి వెళ్ళు."

చంద్రౌతి కూర్చుంది. కూర్చున్నాక తెలిసింది, అది కొత్త బెంచీ. ఇంకా రంపపు పొట్టు వాసన పోలేదు. దాని పొడుగును జానతో కొలిచి చూసింది. ఐదుగురు పడతారు.

"ఎప్పుడు చేయించావు?"

"నిన్ననే. వచ్చే ఏటి పిల్లలకి."

నోట్లో అనాసపండు పాకం తియ్యగా కరుగుతోంది. చంద్రౌతి కళ్ళు మిగిలిన బెంచీల మీదికి వెళ్ళాయి. వద్దనుకుంటూనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది.