బొటనవేలి ఖాతా

"మే, ఇట్రా. చెయ్యి తుడుచుకో."

రోట్లో దోసెపిండి సగం కూడా నలగలేదు. మునికృష్ణ ఒక చేతిలో బ్యాంకు స్లిప్పు, ఇంకో చేతిలో ఇంకు పెట్టె పట్టుకొని వంటింటి గడపలో నిలబడ్డాడు. ప్రసన్నకుమారి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. అతనే ఆమె బొటనవేలు పట్టుకొని ఇంకులో అద్ది, స్లిప్పు మీద ఒత్తి, ఆరడానికి రెండుసార్లు ఊది జేబులో పెట్టుకున్నాడు. ఎంతకో చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి దేనికని అడిగింది. "బోరుకు. నీకు సెప్తే నువ్వొచ్చి మోటారు దించుతావా?" అన్నాడు. పక్కనే బియ్యం చెరుగుతున్న అత్త ఫక్కున నవ్వింది. ఆ తర్వాత ప్రసన్న అడగడం మానేసింది. మళ్ళీ రోలు దగ్గర కూర్చుంటే పిండిలో నల్లటి చార పడింది. ఆ పిండి పారబోసే ధైర్యం కూడా లేదు, అత్త ఊరుకోదు. చారపడిన చోట వేలితో తీసేసి మిగతాది రుబ్బింది.

ఇంతకీ ప్రసన్నకుమారి ఇంటర్ పాసయిన మనిషి. సత్యవేడు దగ్గర ఆ అత్తగారి ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. పొద్దున పిల్లలకు అక్షరాలు దిద్దించే చేత్తో ఇంట్లో వేలిముద్ర వేస్తోంది. దీని కథ ఆమె పెళ్ళయిన పది రోజులకు మొదలైంది. వాళ్ళ నాయన మునస్వామి ఆ ఏడు మామిడికాపు అమ్మిన డబ్బు తెచ్చి, "ఇది మా బిడ్డ పేరుతోనే ఉండనీ నాయనా" అని అల్లుడికి చెప్పి పోయాడు. అల్లుడు కాదనలేదు. కొత్త పెళ్ళికూతుర్ని సైకిలు మీద బ్యాంకుకు తీసుకుపోయాడు. కౌంటర్లో ఉన్న శాంతయ్య అతనితో చదువుకున్నవాడే. పెన్ను తీసి ముందుకు జరిపాడు. మునికృష్ణ ఆ పెన్ను వెనక్కి నెట్టి, "ఆడోళ్ళ సంతకం ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదప్పా, రోజూ తకరారు. వేలిముద్ర ఏయించుకో" అన్నాడు. ఆమెకు సంతకం వచ్చునని ఇద్దరికీ తెలుసు. ఆమెకూ తెలుసు! చేతులకు గోరింటాకు, మెడలో పచ్చి పసుపుతాడు, చుట్టూ మగవాళ్ళు. నోరు పెగల్లేదు. ఆ ఒక్క నిమిషం నోరు పెగలనందుకు, బ్యాంకు కాగితాల్లో ఆమె ఇన్నేళ్ళుగా చదువురాని మనిషి.

ఆమె జీతం కూడా ఆ ఖాతాలోనే పడుతుంది. ఎంత పడిందో, ఎంత పోయిందో పాసుబుక్కు చూస్తే తెలుస్తుంది. ఆ పాసుబుక్కు మునికృష్ణ ట్రంకుపెట్టెలో ఉంటుంది. తాళంచెవి అతని మొలతాడుకు ఉంటుంది.

ఈ ఏడు ఆమెకు ఒక అవసరం వచ్చింది. ఇంటికి కాదు, పిల్లలకు కాదు, ఆమెకు. దూరవిద్యలో డిగ్రీ కడితే సూపర్‌వైజరు ఉద్యోగానికి అర్హత వస్తుంది. తిరుపతిలో ఫీజు కట్టడానికి శుక్రవారం ఆఖరు. వారం ముందే మొగుడికి చెప్పింది.

"ముప్పై మూడేళ్ళకు డిగ్రీనా? పిల్లకాయలు నవ్వుతారు మే."

"నవ్వితే నవ్వనీ. బ్యాంకుకు రా, దుడ్లు తీసుకుందాం."

"సూస్తాంలే రేపు."

ఆ రేపు రాలేదు. ఒకరోజు ఫ్యాక్టరీకి చెరుకు తోలకం, ఒకరోజు నాయుడుపేటలో ఎవరిదో పెళ్ళి. బుధవారం అడిగితే, "పరీక్షలు రాసి నువ్వు కలెక్టరయితే మేమంతా నీ కింద బంట్రోతులమా?" అన్నాడు. గురువారం అతను చేనికి పోయాక, తాళం వేసిన ట్రంకుపెట్టె వంక ఒకసారి చూసింది. మొలతాడు మార్చుకున్నప్పుడు తాళంచెవి దిండు కింద మరిచిపోయి పోయాడు. పెట్టె తెరిచి పాసుబుక్కు తీసుకొని, అంగన్‌వాడీకి సెలవుచీటీ పంపి, బస్సెక్కి బ్యాంకుకు పోయింది.

తిరుపతిలో గోడలోకి కార్డు పెడితే డబ్బులొచ్చే మిషన్లు వచ్చి చాలా రోజులైంది. ఈ బ్యాంకులో మాత్రం మనిషి ఎత్తలేనంత లెడ్జర్లు, ఇత్తడి టోకెన్లు, తాడుతో కట్టేసిన పెన్ను. శాంతయ్య ఆమె వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు.

"మునికృష్ణ యాడమ్మా?"

"రాలేదు సార్. నా ఖాతా, నేనొచ్చినా."

"అట్ల కుదరదమ్మా. వేలిముద్ర ఖాతాకు సాక్షి ఉండాల. రూలు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆమె రాకుండా అతనొక్కడే స్లిప్పు పట్టుకొచ్చినప్పుడల్లా ఈ రూలు ఎక్కడ పడుకుంది? ఆమె లేకుండా అతను వస్తే డబ్బు ఇచ్చిన బ్యాంకు, అతను లేకుండా ఆమె వస్తే ఇవ్వనంటోంది. అదే మాట పైకే అనేసింది. క్యూలో ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. శాంతయ్య మొహం ఎర్రబడింది.

"అయితే వేలిముద్ర తీసేసి సంతకం పెట్టించుకోండి సార్. నాకు సంతకం వచ్చు."

"దానికి దరఖాస్తు, రెండు ఫొటోలు, సంతకం నేర్చుకున్నట్టు రాత్రిబడి టీచరు సర్టిఫికెట్టు కావాల."

అప్పుడు ప్రసన్నకు నవ్వొచ్చింది. కోపంలో వచ్చే నవ్వు.

"సార్, మీ బీరువాలో ఆ సర్టిఫికెట్ల ఫైలు ఉంటాది. మా పక్క ఊళ్ళ ఆడోళ్ళంతా వేలిముద్రలు మార్చుకున్నప్పుడు ఇచ్చినవి. ఒక్కసారి తీయండి."

మేనేజరు ప్రేమానందం ఈ గొడవ విని తన గదిలోంచి వచ్చాడు. ఆయనే ఫైలు తెప్పించాడు. దుమ్ము దులిపి ఒక్కో కాగితం తిప్పాడు. ప్రతి కాగితం కిందా ఒకే సంతకం, గుండ్రని అక్షరాలతో. రాత్రిబడి టీచరు, ప్రసన్నకుమారి. ఊళ్ళో రాత్రిబడి నడిచిన రోజుల్లో పెట్టినవి. ఆమె సంతకాన్ని నమ్మి ఈ బ్యాంకు అంతమంది ఆడవాళ్ళ వేలిముద్రలు మార్చింది. ఆమెదే మిగిలిపోయింది.

మేనేజరు ఫైలు మూసి, "మీకు మీరే సర్టిఫికెట్ ఇచ్చుకోలేరు కదమ్మా. సాక్షి సంతకం చేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు, ఫొటోలు తర్వాత ఇచ్చినా సరే, ఈరోజే కార్డు మారుస్తాను. మీ ఆయన్ని పిలిపించండి" అన్నాడు.

ఆమె దరఖాస్తు తీసుకొని చదివింది. పిల్లలకు చదివి వినిపించినట్టు ప్రతి మాటా చదివింది. సాక్షి గీత కింద "బ్యాంకుకు తెలిసిన ఖాతాదారు" అని ఉంది. భర్త అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ గీత మీద భర్తను కూర్చోబెట్టింది మునికృష్ణ, శాంతయ్య. ఇన్నాళ్ళూ చదవకుండా ఒప్పుకున్నది తాను.

"ఇందులో మొగుడని లేదు సార్."

పాలు పోసిన డబ్బు తీసుకోవడానికి క్యూలో ఉన్న ముసలమ్మ వరలక్ష్మమ్మ కదిలి వచ్చింది. ఒకప్పుడు ప్రసన్న రాత్రిబడిలో పలక పగలగొట్టి ఏడ్చిన మనిషి. "నేను ఖాతాదారునే గదా. యాడ పెట్టాల టీచరమ్మా?" అంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకొని, ఒక్కో అక్షరం తడుముకుంటూ, గీత దాటించి మరీ తన పేరు రాసింది. ప్రసన్నకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నమూనా కార్డు మీద తన సంతకం పెట్టి, ఫీజుకు డబ్బు తీసుకుంది. శుక్రవారం తిరుపతికి పోయి ఫీజు కట్టి వచ్చింది.

ఆ తర్వాత నాలుగు రోజులకు మునికృష్ణ ఎప్పటిలాగే వంటింటి గడపలోకి వచ్చాడు. చేతిలో స్లిప్పు, ఇంకు పెట్టె.

"మే, చెయ్యి తుడుచుకో."

ప్రసన్న పొత్రం తిప్పడం ఆపలేదు.

"వేలిముద్ర ఇంక చెల్లదయ్యా. సంతకానికి మార్పించినాను."

అతను స్లిప్పు పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు. "ఎవురిని అడిగి మార్చినావు?"

"నన్ను నేనే అడిగినాను."

వెనక అత్త ఏదో గొణిగింది. ప్రసన్న అటు చూడలేదు.

"ఆ ఇంకు పెట్టె ఈడ పెట్టు, మా బళ్ళో పిల్లకాయలు వేళ్ళతో చిలక బొమ్మలేస్తారు. స్లిప్పు కిటికీలో పెట్టు, దేనికో ఎంతకో దాని వెనక రాసిపెట్టు. పిండి రుబ్బినాక చదువుతాను. సంతకం చేసేదో లేదో అప్పుడు చెప్తాను."