దుర్గమ్మ నోము కథ

జగ్గయ్య కాయను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు. లోపల నీళ్ళు కదిలాయి. దాన్ని ఎడమ పక్కకు వేశాడు. అది మళ్ళీ అటక ఎక్కాలి. ఇంకోటి తీసి ఊపాడు. ఎండిన కొబ్బరి గుండు చిప్పకు తగిలి టకటకమంది. అది కురిడీ అయింది. కుడి పక్కకు వేశాడు.

అంబాజీపేటలో కాశీవిశ్వనాథంగారి కొబ్బరి కొట్టులో అతని పని ఇదే. నెలల తరబడి అటక మీద ఆరిన కాయల్ని దింపాక, ఏది పగలగొట్టాలో, ఏది ఇంకా ఆరాలో విని చెప్పడం. పొడుగాటి మనిషి. ఇన్నేళ్ళూ ఒక పక్కకే వంగి వినడం వల్ల మెడ కుడివైపు కాస్త వాలిపోయింది. ఆ చెవి వెంట్రుకల్లో పీచు నలుసులు ఎప్పుడూ ఉంటాయి. స్నానం చేసినా పోవు.

ఇవాళ మాత్రం ఒక్కో కాయనూ మళ్ళీ మళ్ళీ ఊపుతున్నాడు.

"ఏంటండీ జగ్గయ్యగారూ, ఆ కాయేమన్నా కబుర్లు చెబుతోందా?" అంది సలోమి. ఎదురుగా గోనె మీద కూర్చుని, గుండు చితక్కుండా చిప్పలు పగలగొడుతోంది. "ఇలాగైతే లోడు పొద్దుపోయినా కదలదు. షావుకారుగారు మన చిప్పలు పగలగొడతారు."

జగ్గయ్య నవ్వలేదు. అతనికి కాయకూ కాయకూ మధ్య భార్య గొంతు వినిపిస్తోంది. దుర్గమ్మ పోయి ఏడాది దాటింది. అయినా ఆ గొంతు వస్తూనే ఉంది. కథ మొదలుపెడుతుంది, కొంతదూరం చెబుతుంది, ఒకేచోట ఆగిపోతుంది.

దుర్గమ్మకు పుట్టింటినుంచి వచ్చిన నోము ఒకటి ఉండేది. ప్రతి శుక్రవారం సాయంత్రం గౌరమ్మ ముందు దీపం పెట్టి కథ చెప్పుకోవాలి. ఆ కథ ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ళ గోదావరి లంకలో ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చిందే. చెప్పేవాళ్ళు ఉంటే చాలదు, అక్షింతలు పట్టుకుని వినేవాళ్ళూ ఉండాలి. పిల్లలు లేని ఇల్లు. కాబట్టి జగ్గయ్యే పీట వేసుకుని కూర్చునేవాడు. పిడికిట్లో అక్షింతలు, నోట్లో ఆయ్. ఆమె వాక్యం ఆపినప్పుడల్లా ఊఁ కొట్టినట్టు ఆయ్ అనేవాడు. ఆ ఆయ్ దానంతట అదే వచ్చేది. మనసు కొట్టులోనో, వానలోనో, మర్నాడు దింపాల్సిన అటకలోనో ఉండేది.

నోముకు ఉద్యాపన చెయ్యకుండానే ఆమె వెళ్ళిపోయింది. వీరవెంకటరమణ పంతులుగారిని అడిగితే, "భార్య తరఫున నువ్వు తీర్చవచ్చు జగ్గయ్యా. కథ నువ్వు చెప్పు, అక్షింతలు నేను పట్టుకుంటాను. శుక్రవారం సాయంత్రం వస్తాను" అన్నారు. ఆ శుక్రవారం ఇవాళే. జగ్గయ్యకు కథ రాదు. ఏళ్ళ తరబడి విన్న కథ సగంలో ఆగిపోతోంది. నోము సగంలో ఉండిపోతే దుర్గమ్మ కూడా ఎక్కడో సగం దారిలో నిలబడి ఉంటుందేమోనని అతని భయం.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పారు. జగ్గయ్య అన్నం కలిపాడు గాని తినలేదు. సలోమి, దుర్గమ్మ ఒకే గోనె మీద పక్కపక్కన కూర్చుని చిప్పలు కొట్టినవాళ్ళు. చర్చికి వెళ్ళే మనిషికి గౌరీనోము కథ ఏం తెలుస్తుందిలే అని ఇన్నాళ్ళూ ఆమెను అడగలేదు.

"సలోమీ, దుర్గమ్మ తన శుక్రవారం కథ నీకెప్పుడన్నా చెప్పిందా అమ్మా?"

"చాలాసార్లు చెప్పేరండి. చెయ్యి ఆడుతూంటే నోరు ఊరుకోదు కదా ఆవిడకి."

"ముసలమ్మ రూపంలో గౌరమ్మ వచ్చి, అమ్మాయీ నీకేం కావాలి అని అడుగుతుంది చూడు. ఆ ఇల్లాలు ఏమడిగింది? అక్కడినుంచి నాకు రావట్లేదు."

సలోమి అతని వైపు వింతగా చూసింది. "పాత కథలోనైతే పసుపు కుంకుమ నిలవాలని అడుగుతుందండి. ఆఖరి ఏడు దుర్గమ్మగారు అక్కడ మార్చేరు కదా. మీకు తెలియంది ఏముంది?"

"ఏం మార్చింది?"

సలోమి చేతిలో ముద్ద ఆగింది. తరువాత కళ్ళు దించుకుని, దుర్గమ్మ చెప్పినట్టే చెప్పింది.

"'తల్లీ, నాకు సిరులేం వద్దు. నా రొమ్ములో గోలీకాయంత గడ్డ పుట్టింది. సిగ్గేసి మా ఆయనకు చెప్పలేకపోతున్నాను. ఆ మాట నువ్వు ఆయన చెవిన వెయ్యి' అని అడిగిందట ఇల్లాలు."

జగ్గయ్య అన్నంలోంచి చెయ్యి తీశాడు.

"ఆవిడ నాతో ముందే అన్నారండి. ఎదురుగా చెప్పడానికి నోరు రావట్లేదే సలోమీ, కథలో పెట్టి చెబుతాను, విని ఆయనే అడుగుతారు అని. శనివారం రాగానే నేను అడిగేను. 'చెప్పేనే. ఆయ్ అన్నారు' అన్నారు."

బయట లారీ వెనక్కి వస్తూంటే ఎవరో కేకలు వేస్తున్నారు.

"మరుసటి వారం కూడా చెప్పేరు. అప్పుడూ మీరు ఆయ్ అన్నారంట. పోనీ నేను చెబుతానండీ అంటే ఒట్టు వేయించుకున్నారు. 'ఆయన విన్నారే. విని మనసులో దాచుకున్నారు. చేతిలో డబ్బు లేక బయటపడట్లేదు. మళ్ళీ అడిగి బాధపెట్టకు' అన్నారు. మీకు తెలుసనే అనుకున్నామండీ అందరం."

జగ్గయ్య అన్నం గిన్నె మీద మూత పెట్టాడు. మళ్ళీ కాయల దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. చేతులు ఊపుతున్నాయి గాని చెవిలోకి ఏమీ రావడం లేదు. కాసేపటికి లేచి, "ఇవాళ్టికి నాకు వినబడట్లేదండి" అని షావుకారుగారితో చెప్పి ఇంటికి నడిచాడు.

కాలవగట్టు వెంట నడుస్తూంటే ఆ రోజులు గుర్తుకొచ్చాయి. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. ఇంటికి తెచ్చాక దుర్గమ్మ పెద్దగా మాట్లాడలేదు. అతను నీళ్ళు పట్టినప్పుడల్లా అతని ముఖంలోకి చూసి చిన్నగా తల ఊపేది. నొప్పి వల్ల అనుకున్నాడు. ఇద్దరికీ ముందే తెలుసనుకున్న సంగతికి ఊపుతోందని అప్పుడు తోచలేదు. ఒక తెల్లవారుజామున అలాగే తల ఊపి, పక్కకు తిరిగి పడుకుంది. పొయ్యి వెలిగించి వచ్చి పిలిస్తే పలకలేదు.

సాయంత్రం పంతులుగారు వచ్చారు. జగ్గయ్య దీపం వెలిగించి, దుర్గమ్మ కూర్చునే చోట కూర్చున్నాడు. తను కూర్చునే పీట పంతులుగారికి వేశాడు. ఆయన అక్షింతలు తీసుకుని వాచీ చూసుకున్నారు. ఇంకో ఇంట్లో పని ఉంది.

"అనగనగా ఒక లంకలో ఒక ఇల్లాలు ఉండేదట."

"ఊఁ."

"ముసలమ్మ వచ్చి పసుపు అడిగితే లేదనకుండా పెట్టిందట."

"ఊఁ."

గౌరమ్మ అడిగినచోటు వచ్చింది. జగ్గయ్య ఆగలేదు. గోలీకాయంత గడ్డ అని చెప్పాడు. ఆయన చెవిన నువ్వు వెయ్యి అని చెప్పాడు.

"ఊఁ, కానీ" అన్నారు పంతులుగారు గుమ్మం వైపు చూస్తూ.

జగ్గయ్య ఆగాడు. ఇంట్లో దీపం వత్తి చిటపటమంది.

"విన్నారాండీ?"

పంతులుగారు తిరిగి చూశారు. జగ్గయ్య ముఖం చూసి, పీట మీద సర్దుకుని కూర్చున్నారు. "లేదు జగ్గయ్యా" అన్నారు నెమ్మదిగా. "అబద్ధం ఎందుకు, వినలేదు."

"మళ్ళీ చెబుతానండి."

"చెప్పు." ఆయన వాచీ ఉన్న చేతిని పంచె మడతలో పెట్టుకుని ముందుకు వంగారు.

జగ్గయ్య మొదటినుంచి చెప్పాడు. ఈసారి పంతులుగారు ఊఁ కొట్టలేదు. గడ్డ మాట రాగానే ఆయన పిడికిలి బిగుసుకుంది. "ఎవరి మాట ఇది?" అని అడిగారు. జగ్గయ్య చెప్పాడు. కథ చెప్పినందుకు నోము దుర్గమ్మకు చేరుతుందో, ఒకరు విన్నందుకు చేరుతుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. పంతులుగారు లేచి, సగం అక్షింతలు జగ్గయ్య తల మీద వేసి, మిగిలినవి దీపం దగ్గర పెట్టి, సంభావన తీసుకోకుండా వెళ్ళిపోయారు.

జగ్గయ్య నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. ఉద్యాపన నాటికి ఎండుతుందని దుర్గమ్మ కుంకుమ బొట్టు పెట్టి దాచిన కాయ ఒక్కటే అక్కడ ఉంది. ఆమె పోయాక అతను దాన్ని ముట్టుకోలేదు. దింపి, పీట మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చున్నాడు. చెవి దగ్గరకు తీసుకోవడానికి చెయ్యి చాచాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

దీపం కొండెక్కింది. చీకట్లో పీట మీద కాయ అలాగే ఉంది, ఊపకుండా, లోపల ఏముందో లోపలే పెట్టుకుని.