మా దుకాణం గుడ్‌విల్

చోడి అంబలి, అదే రాగి అంబలి, కాచిన కుండ తోమడానికి బూడిద కన్నా ఓపిక ఎక్కువ కావాలి. పీచు అరిగిపోతుంది గాని అడుగున మాడు వదలదు. పెళ్లై రెండు నెలలు కాలేదు, నా నడుం అప్పుడే అత్తయ్య నడుంలా పట్టేస్తోంది. అయినా సిగ్గులేని మనసు నాది. నిన్న మా ఆయన నూతి గట్టు మీద ఎవరూ చూడకుండా పెట్టిపోయిన చేమంతులు కనబడగానే మసి చేతులతోనే తలలో తురుముకున్నాను.

ఆమదాలవలసలో మాది ధాన్యం దుకాణం. పొద్దు పొడవకముందే పల్లెల నుంచి బయలుదేరి వచ్చే బళ్లవాళ్లకు పెరటి గుమ్మంలో అంబలి పోయడం అత్తయ్య కాపురానికొచ్చిన నాటి నుంచీ ఉన్న అలవాటు. తెడ్డు తిప్పి తిప్పి ఆవిడ కుడిచెయ్యి ఇప్పుడు పైకి లేవడం లేదు. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మావయ్య, "నూర్పుల రోజులు. బళ్లోళ్లకి ఎవులు పోస్తారు? తరవాత సూద్దుం" అంటారు.

నిన్ననే కోటబొమ్మాళి వ్యాపారి నూకయ్యగారు దుకాణంలో వాటా తీసుకుంటానని వచ్చారు. గుడ్‌విల్‌కీ విలువ కడదామన్నారట. మావయ్య వంటింటి గుమ్మం దాకా వచ్చి, "బీకాం సదివినావు గదమ్మా, ఆ గుడ్‌విల్ అంటే ఏటి?" అని అడిగారు. నాకెంత సంబరమో! నా చదువు ఈ ఇంట్లో ఒకరికి కావలసి వచ్చింది.

"ఎదురు కొట్టులోనూ అదే కాటా, అదే ధర. అయినా బండి దాన్ని దాటి మన దగ్గరే ఆగుతుందే, అలా ఆగడానికుండే విలువ మావయ్యా."

"అదా! అది నా మాట ఇలువ" అని మీసం దువ్వుకున్నారు.

"నాన్న పేరంటే అంత మరి" అన్నారు మా ఆయన.

పెరటి గుమ్మంలో బండి ఎర్రన్న, "ఇంకో లోటా పొయ్యమ్మా! ఆ కొట్టోడు పిలస్తన్నా ఆగకుండా దీనికోసమే వచ్చినాను" అంటున్నాడు. అటు చూసింది నేనొక్కదాన్నే. అత్తయ్య ఎడంచేత్తో పోస్తోంది.

ఇవాళ పొయ్యి రాజెయ్యబోతున్న ఆవిడ చేతిలోంచి పుల్లలు తీసి పక్కన పెట్టాను.

"చీర మార్చుకోండత్తయ్యా, ఆసుపత్రికెళ్దాం."

"ఓలమ్మ! బళ్లొచ్చే ఏళయ్యింది. మీ మావ సంపేస్తాడే!"

జుట్టు ముడేసుకోలేక ఆవిడ తంటాలు పడుతుంటే నేనే వేసి, నిన్నటి చేమంతుల్లో వాడనిదొకటి తురిమాను. ఆవిడ కొత్తపెళ్లికూతురిలా సిగ్గుపడింది.

గుమ్మం దిగుతుంటే ఎర్రన్న బండి ఆగింది. "అంబలి లేదేటమ్మా?" లేదన్నాను. బండిని ఎదురు కొట్టు వైపు మళ్లించాడు. వెనకే ఇంకో బండి.

"ఏటిది? బళ్లు ఎలిపోతన్నాయేటి!" మావయ్య కాటా దగ్గర్నుంచి పరుగున వచ్చారు.

నేను అత్తయ్య చెయ్యి వదల్లేదు.

"నిన్న మీరడిగిన గుడ్‌విల్ ఇదిగో మావయ్యా. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను."